ఆకలి హార్మోన్లు: ఎలుకల్లో తిండి ప్రయోగం మొదటి నుంచి చివరి దాకా

2002లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు, వారి సహచరులు కలిసి 'నేచర్' పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. పేగుల్లో పుట్టే పీవైవై 3-36 అనే హార్మోన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తే ఎలుకలు తక్కువ తింటున్నాయన్నది దాని సారాంశం. ఆ హార్మోన్ వెంట చాలా ల్యాబులు పడ్డాయి. రెండేళ్లు తిరిగేసరికి అదే పత్రికలో పలు ల్యాబుల శాస్త్రవేత్తలు, మేం ఎంత ప్రయత్నించినా ఆ ఫలితం రావడం లేదని కలిసి రాశారు. మొదటి బృందం జవాబు చాలా మామూలుగా ఉంది: మీ ఎలుకలు సూదికీ, మనిషి చేతికీ అలవాటు పడలేదు. బెదిరిన ఎలుక మందు లేని సెలైన్ (ఉప్పునీళ్లు) ఇచ్చినా తక్కువే తింటుంది, ఇక హార్మోన్ వల్ల తగ్గాల్సింది ఎక్కడ కనిపిస్తుంది? ముందు కొన్ని రోజులు అలవాటు చేసిన జంతువుల్లో ప్రభావం కనిపిస్తుందని తర్వాతి ప్రయోగాలు కూడా చూపాయి.

ఎంఎస్సీ, ఎం.ఫార్మసీ, పీహెచ్‌డీ మొదట్లో ఉన్నవాళ్లు ఆకలి మీద ప్రయోగం అనగానే ముందు ఏ హార్మోన్, ఎంత డోసు అని అడుగుతారు. ఆ రెండూ పాత పేపర్లలో దొరుకుతాయి. అసలు కష్టం ఎలుక ఎందుకు తినడం మానేసిందో చెప్పగలగడం. కడుపు నిండిందా, వికారం పుట్టిందా, భయపడిందా, నిద్రపోయిందా? నాలుగింటికీ త్రాసు మీద అంకె ఒకటే. ఆ నాలుగింటినీ వేరు చేసేలా ప్రయోగం ఎలా కట్టాలో కింద అడుగడుగునా రాస్తున్నాను. ఇందులో ఎలుక అంటే రాట్, చిట్టెలుక అంటే మౌస్.

మొదటి అడుగు: ఏ హార్మోన్ ఎంతసేపటి సంగతి చెబుతుందో తెలుసుకోండి

ఆకలి హార్మోన్లను పట్టికలా బట్టీ పట్టకండి. ఎంత కాలం మీద పనిచేస్తాయన్న దాన్నిబట్టి చూస్తే ప్రయోగానికి పనికొస్తాయి.

కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్, క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ ఒంట్లో నిల్వ ఎంతుందో మెదడుకు చెబుతాయి. వీటి ప్రభావం గంటలు, రోజుల మీద తెలుస్తుంది. చిన్నపేగు పైభాగం నుంచి వచ్చే కోలిసిస్టోకైనిన్ (ఇకపై సీసీకే) జరుగుతున్న భోజనాన్ని ఆపిస్తుంది, నిమిషాల్లో పనిచేసి నిమిషాల్లో పోతుంది. కింది పేగుల నుంచి వచ్చే జీఎల్‌పీ-1, పీవైవై, క్లోమం నుంచి వచ్చే ఎమిలిన్ కూడా తిండిని తగ్గించేవే. తినమని పురిగొల్పేది జీర్ణాశయం నుంచి వచ్చే గ్రెలిన్. దీన్ని 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా బృందం కనిపెట్టింది.

ఈ కబుర్లన్నీ చేరే చోట్లలో ముఖ్యమైంది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోని ఆర్క్యుయేట్ కేంద్రకం. అక్కడ ఏజీఆర్‌పీ, ఎన్‌పీవై అనే పెప్టైడ్లు (చిన్న ప్రోటీన్లు) తయారుచేసే నాడీకణాలు తినమంటాయి, పీఓఎంసీ అనే ప్రోటీన్ తయారుచేసే కణాలు చాలంటాయి. ఏజీఆర్‌పీ కణాలను కాంతితో ప్రేరేపిస్తే కడుపు నిండిన చిట్టెలుక కూడా నిమిషాల్లో తినడం మొదలుపెడుతుందని 2011లో చూపారు. 2015లో వచ్చిన ఫలితం ఇంకా ఆశ్చర్యం: ఆకలితో ఉన్న చిట్టెలుకకు తిండి కనిపిస్తే చాలు, అది నోట్లో పడకముందే, సెకన్లలో ఆ కణాల చురుకు పడిపోతుంది. అంటే మీరు తలుపు తీసి తొట్టి కదిపిన చప్పుడు కూడా మీ ప్రయోగంలో భాగమే.

ఇంకో మాట. గ్రెలిన్‌ను పత్రికలు 'ఆకలి హార్మోన్' అని రాస్తుంటాయి. గ్రెలిన్ జన్యువును పూర్తిగా తీసేసిన చిట్టెలుకలు మాత్రం దాదాపు మామూలుగానే తిని పెరుగుతాయి. బయటి నుంచి ఇస్తే తిండి పెంచే హార్మోన్, లోపల లేకపోతే తిండి తగ్గాలన్న నియమం ఏమీ లేదు. ఈ రెండు ప్రశ్నలనూ మొదటి నుంచీ వేరుగా ఉంచుకోండి.

రెండో అడుగు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి, అనుమతి తీసుకోండి

"జీఎల్‌పీ-1 ఆకలి మీద ప్రభావం" అన్నది ప్రశ్న కాదు. "చీకటి పడే ముందు ఇచ్చిన సీసీకే-8 మగ విస్టార్ ఎలుకల్లో మొదటి భోజనం పరిమాణాన్ని తగ్గిస్తుందా, ఆ తర్వాతి విరామాన్ని పెంచుతుందా" అన్నది ప్రశ్న. (సీసీకే-8 అంటే ఎనిమిది అమైనో ఆమ్లాల సీసీకే, విస్టార్ అంటే ల్యాబుల్లో వాడే ఒక ఎలుక రకం.) ఈ ఒక్క వాక్యంలో ఏ జంతువు, ఏ వేళ, ఏ కొలత అన్నీ తేలిపోతాయి.

మన దేశంలో జంతువుల ప్రయోగాలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నాటి నిబంధనల కింద నడుస్తాయి. సంస్థ జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ దగ్గర నమోదై ఉండాలి (పాత పేరు సీపీసీఎస్‌ఈఏ, సీనియర్లు ఇంకా అదే అంటారు). మీ ప్రణాళికను ఫారం-బి నింపి సంస్థలోని జంతు నైతిక కమిటీకి, అంటే ఐఏఈసీకి ఇవ్వాలి. ఎన్ని జంతువులు, ఎందుకన్ని, ఉపవాసం ఎన్ని గంటలు, బరువు ఎంత తగ్గితే ప్రయోగం ఆపేస్తారు అన్నవి స్పష్టంగా రాయండి. చివరి ప్రశ్నను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తిండి తగ్గించే మందుల ప్రయోగంలో అదే అన్నిటికంటే అవసరం.

మూడో అడుగు: జంతువును ఎంచుకోండి

ఈ రంగంలో సగం జ్ఞానం సరైన జంతువు దొరకడం వల్లే వచ్చింది. 1949లో అమెరికా మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ లేబరేటరీలో కొన్ని చిట్టెలుకలు విపరీతంగా తిని లావెక్కడం గమనించారు. వాటికి ఓబీ/ఓబీ అని పేరు. 1966లో అక్కడే డీబీ/డీబీ అనే మరో రకం గురించి రాశారు, అవీ లావే, పైగా తీవ్రమైన షుగర్ వ్యాధి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. లోపం ఒకటేనా?

డగ్లస్ కోల్‌మన్ దీన్ని తేల్చిన పద్ధతి ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ చదవాలి. రెండు జంతువుల రక్తం కొద్దికొద్దిగా ఒకదాన్నుంచి ఇంకొకదానికి పారేలా ఆపరేషన్‌తో పక్కపక్కన కలిపాడు. డీబీతో కలిపిన మామూలు చిట్టెలుక తినడం మానేసి చచ్చిపోయింది. డీబీతో కలిపిన ఓబీ కూడా అంతే. ఓబీని మామూలు దానితో కలిపితే మాత్రం ఓబీ తిండి తగ్గించి బతికింది. దీన్నుంచి కోల్‌మన్ తీసిన తర్కం: డీబీ రక్తంలో తిండి ఆపే పదార్థం పుష్కలంగా ఉంది, దాన్ని అందుకునే శక్తే దానికి లేదు. ఓబీకి అందుకునే శక్తి ఉంది, పదార్థం లేదు. ఆ పదార్థం ఏమిటో తెలియడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఓబీ జన్యువును పట్టుకుంది, దాని హార్మోనే లెప్టిన్. మరుసటి ఏడాది రోజూ లెప్టిన్ ఇచ్చిన ఓబీ చిట్టెలుకలు రెండు వారాల్లో దాదాపు 30 శాతం బరువు తగ్గాయి. డీబీలు చలించలేదు. రసాయనం చేతిలో లేకుండానే, ఏ జంతువును దేనితో కలపాలో ఆలోచించి హార్మోన్‌కూ, దాన్ని అందుకునే రిసెప్టర్‌కూ తేడా చెప్పగలిగిన ఆ బుర్రకు దండం పెట్టాలి.

మీకు కావాల్సింది ఏది? లెప్టిన్ లేని స్థితికి ఓబీ/ఓబీ. రిసెప్టర్ లోపానికి డీబీ/డీబీ, లేదా జుకర్ ఎలుక. సీసీకే-1 రిసెప్టర్ లేక ప్రతి భోజనమూ పెద్దగా తినే జపాన్ ఎలుక ఓఎల్ఈటీఎఫ్. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో తరతరాలుగా పెంచుతున్న విస్టార్ ఎలుకల నుంచి పుట్టిన డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ ఉంది. అవి అతిగా తింటాయి, వాటి రక్తంలో లెప్టిన్, ఇన్సులిన్ రెండూ ఎక్కువే. అంటే చూపుకు ఓబీ/ఓబీలా ఉన్నా కథ వేరు, పేరులో ఓబీ ఉందని ఆ చిట్టెలుకతో పోల్చి రాయకండి.

మనుషుల్లో కనిపించే మామూలు ఊబకాయానికి దగ్గరగా ఉండాలంటే జన్యులోపం ఉన్న జంతువు కంటే కొవ్వు మేతతో లావెక్కించినదే నయం. అయితే దాని ఒంట్లో లెప్టిన్ ఇప్పటికే ఎక్కువ, బయటి నుంచి ఇంకాస్త ఇస్తే పెద్దగా స్పందించదు.

ఆడ జంతువులను వదిలేయడం పాత అలవాటు. ఎలుకల్లో రుతుచక్రం నాలుగైదు రోజులు, ఈస్ట్రోజెన్ ప్రభావం వల్ల ఎస్ట్రస్ (జతకట్టే దశ) దగ్గర తిండి తగ్గుతుంది. ఆ దశను రోజూ నమోదు చేస్తే ఇబ్బంది కాదు, అదనపు సమాచారం.

నాలుగో అడుగు: గది, వెలుతురు, మేత

ఎలుకలు రాత్రి తినే జీవులు. పన్నెండు గంటల వెలుతురు, పన్నెండు గంటల చీకటి పెడితే రోజు తిండిలో ఎక్కువ భాగం చీకట్లోనే తింటాయి. పగలు పది గంటలకు ఇంజెక్షన్ ఇచ్చి, మధ్యాహ్నం దాకా తిండి తగ్గిందేమో చూసే ప్రయోగంలో తగ్గడానికి ముందు తింటే కదా! తిండి తగ్గించే హార్మోన్‌ను చీకటి మొదలయ్యే ముందు ఇవ్వండి. గ్రెలిన్ లాంటి పెంచే హార్మోన్‌ను పగలు, కడుపు నిండి ఉన్నప్పుడు ఇవ్వండి. రాత్రి కూర్చునే ఓపిక లేకపోతే టైమర్ తిప్పి గది వేళల్ని మార్చుకోవచ్చు, కానీ జంతువుకు సర్దుకోవడానికి కనీసం రెండు వారాలు ఇవ్వాలి. చీకటి వేళలో ఎర్ర లైటు మసకగా వాడండి.

పెద్ద ఎలుక రోజుకు సుమారు 15–20 గ్రాములు, చిట్టెలుక 3–5 గ్రాములు తింటుంది. కాబట్టి చిట్టెలుకకు త్రాసు 0.01 గ్రాముల దాకా చూపకపోతే గంట గంటకూ కొలవడం వృథా. రాలిన ముక్కల్ని బెడ్డింగ్ నుంచి ఏరి తూచాల్సిందే. కొన్ని ఎలుకలు పెల్లెట్లను తినకుండా కొరికి పొడి చేసి పోస్తాయి, వాటిని అలవాటు వారంలోనే గుర్తించాలి.

రెండు మేతలను పోల్చేటప్పుడు గ్రాములు కాదు, కేలరీలు చూడండి. 60 శాతం కేలరీలు కొవ్వు నుంచి వచ్చే మేతలో గ్రాముకు ఐదు కిలోకేలరీలకు పైనే ఉంటాయి, మామూలు పెల్లెట్‌లో దాదాపు మూడు. కొవ్వు మేతకు కంట్రోల్‌గా (పోలిక కోసం) మామూలు పెల్లెట్ పెట్టడం చాలా చోట్ల చూస్తాం, అది సరైన పోలిక కాదు. పీచు, చక్కెర, సోయా అన్నీ మారిపోతాయి. అవే దినుసులతో చేసిన తక్కువ కొవ్వు మేత కావాలి.

ఐదో అడుగు: అలవాటు చేయండి

పీవైవై గొడవంతా ఇక్కడే. యానిమల్ హౌస్‌కు వచ్చాక కనీసం వారం విశ్రాంతి. తర్వాత ఒక్కో కేజ్‌లో ఒక్కో జంతువు, ఆపై రోజూ అదే వేళకు, అదే మనిషి, అదే పట్టుతో ఎత్తి సెలైన్ ఇంజెక్షన్. ఎన్ని రోజులు అంటే, క్యాలెండర్‌ను కాదు, త్రాసును అడగండి. సెలైన్ ఇచ్చిన రోజు తిండి, ఏమీ చేయని రోజు తిండి ఒకేలా ఉన్నప్పుడు జంతువు సిద్ధంగా ఉన్నట్టు. అప్పటిదాకా హార్మోన్ సీసా మూత తీయొద్దు.

ఒంటరి కేజ్ కూడా వాటికి ఒత్తిడే, గుంపుగా బతికే జీవులు కదా. పక్క కేజ్ కనిపించేలా, నమలడానికి, గూడు కట్టుకోవడానికి ఏదైనా ఉండేలా చూడండి. గుంపుగానే ఉంచి కేజ్ మొత్తం తిండి కొలిస్తే గణాంకాల్లో మీ యూనిట్ కేజ్ అవుతుంది, ఎలుక కాదు. ఐదేసి ఎలుకలున్న నాలుగు కేజ్‌లు ఇరవై కొలతలు కావు, నాలుగే.

చిట్టెలుకలకు రాత్రంతా ఉపవాసం పెట్టడం తేలిక అనుకుంటారు. అవి రాత్రే తింటాయి కాబట్టి ఒక్క రాత్రి మేత తీసేస్తే ఒంటి బరువులో పదో వంతు దాకా పోవచ్చు. నాలుగైదు గంటల పగటి ఉపవాసం చాలా ప్రశ్నలకు సరిపోతుంది.

ఆరో అడుగు: హార్మోన్ తయారీ, డోసు

కొనేటప్పుడే జాగ్రత్త. సీసీకే-8 సల్ఫేట్ ఉన్నదే కావాలి. సల్ఫేట్ లేనిది చౌక, కానీ తిండిని తగ్గించే సీసీకే-1 రిసెప్టర్‌ను అది సరిగా పట్టుకోదు. గ్రెలిన్‌లో మూడో స్థానంలోని సెరీన్‌కు ఆక్టనాయిల్ అనే కొవ్వు ఆమ్ల గుంపు ఉండాలి, అది లేని గ్రెలిన్ తన రిసెప్టర్ మీద పనిచేయదు.

పెప్టైడ్‌ను ఒక్కసారి కరిగించి చిన్న చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. మళ్లీ మళ్లీ గడ్డకట్టించి కరిగించకండి. పలుచని ద్రావణంలో పెప్టైడ్లు ప్లాస్టిక్‌కు అంటుకుపోతాయి కాబట్టి కొద్దిగా ఆల్బుమిన్ కలుపుతారు. అలా కలిపితే కంట్రోల్ ఇంజెక్షన్‌లోనూ అదే కలపాలి.

డోసులు కనీసం మూడు, సెలైన్‌తో కలిపి నాలుగు. ఒకే డోసుతో వచ్చిన తేడాను నేనైతే నమ్మను. ఒకే జంతువుకు వేర్వేరు రోజుల్లో అన్ని డోసులూ వరస మార్చి ఇచ్చే పద్ధతి బాగుంటుంది, మధ్యలో కనీసం రెండు రోజుల ఖాళీ ఉండాలి. సీసాలకు కోడ్ వేరేవాళ్లు రాయాలి, కొలిచేవారికి ఏది ఏదో తెలియకూడదు.

శరీరంలో ఎంతసేపు ఉంటుందో చూసి కొలిచే వేళలు పెట్టుకోండి. సహజమైన జీఎల్‌పీ-1 రక్తంలో ఒకటి రెండు నిమిషాలకే విరిగిపోతుంది. ఎడారి బల్లి జాతి గీలా మాన్‌స్టర్ విషంలో 1992లో దొరికిన ఎక్సెండిన్-4 అదే రిసెప్టర్ మీద గంటల తరబడి పనిచేస్తుంది. ఈ రోజు మందుల షాపుల్లో ఉన్న జీఎల్‌పీ-1 తరహా ఇంజెక్షన్లకు దారి అక్కడే పడింది. ఇన్సులిన్‌తో మరో చిక్కు ఉంది: మెదడులోకి నేరుగా ఇస్తే తిండి తగ్గుతుంది, చర్మం కింద ఎక్కువగా ఇస్తే షుగర్ పడిపోయి తిండి పెరుగుతుంది. హార్మోన్ ఒకటే, ఇచ్చిన చోటును బట్టి ఫలితం తలకిందులు.

ఏడో అడుగు: భోజనాలను లెక్కపెట్టండి

24 గంటల మొత్తం ఒక్కటే కొలిస్తే ఏం కోల్పోతామో 1984లో వెస్ట్, ఫే, వుడ్స్ చేసిన ప్రయోగం చెబుతుంది. ఎలుక ప్రతి భోజనం మొదలుపెట్టగానే దానికి ఆటోమేటిగ్గా సీసీకే అందేలా అమర్చారు. ప్రతి భోజనమూ చిన్నదైంది. ఎలుకలు ఏం చేశాయి? ఎక్కువసార్లు తిన్నాయి! మొత్తం తిండి పెద్దగా తగ్గలేదు. రోజు మొత్తం మాత్రమే చూసినవాడు సీసీకే పనిచేయదని రాసేవాడు. మొదటి అరగంట మాత్రమే చూసినవాడు ఊబకాయానికి మందు దొరికిందని రాసేవాడు.

కాబట్టి మీ పట్టికలో కనీసం ఇవి ఉండాలి: మొదటి భోజనానికి ఎంతసేపు పట్టింది, ఒక్కో భోజనం ఎంత, ఎంతసేపు, రోజుకు ఎన్ని, వాటి మధ్య విరామం ఎంత. విరామాన్ని దాని ముందు భోజనం పరిమాణంతో భాగిస్తే, తిన్న ఒక్కో గ్రాము ఎంతసేపు ఆకలిని ఆపిందో తెలుస్తుంది. హార్మోన్ భోజనాన్ని ఆపిస్తోందా, తర్వాతి భోజనాన్ని వాయిదా వేయిస్తోందా అన్నది దీన్నిబట్టే తేలుతుంది.

భోజనం అంటే ఏమిటో ముందే నిర్ణయించుకోవాలి. ఎలుకల్లో చాలా ల్యాబులు కనీసం పావు గ్రాము తిండి, ఆ తర్వాత పది పదిహేను నిమిషాల విరామం ఉంటే ఒక భోజనం అంటాయి. ఫలితాలు చూశాక ఈ గీతను జరపకూడదు. మేత బరువును తనంతట తానే నమోదు చేసే సెన్సర్ తొట్టి లేకపోయినా బెంగ లేదు, ఎర్ర లైటులో వీడియో తీసి, 30 నిమిషాలు, 1, 2, 4, 24 గంటలకు మేత తూస్తే చాలా వరకు పని జరుగుతుంది.

ఎనిమిదో అడుగు: వికారం కాదని చూపండి

ఎలుక వాంతి చేసుకోలేదు. అందుకే మీ హార్మోన్ కడుపు నింపిందో, తిప్పిందో బయటికి కనిపించదు. మూడు పరీక్షలు ఉన్నాయి, వీలైతే రెండైనా చేయండి.

తిన్నాక తృప్తి చెందిన ఎలుక ఒళ్లు దువ్వుకుంటుంది, అటూ ఇటూ తిరుగుతుంది, తర్వాత పడుకుంటుంది. వీడియోలో ఈ వరస ముందుకు జరిగిందంటే తృప్తి త్వరగా వచ్చినట్టు. వరస చెదిరి ఎలుక మూలన కూలబడిందంటే అనుమానించాలి. రెండోది, కొత్త రుచి ఉన్న సాకరిన్ నీళ్లతో పాటు మందు ఇచ్చి, తర్వాత ఆ నీళ్లను తాగుతుందో లేదో చూడటం. వికారం పుట్టించే లిథియం క్లోరైడ్ ఇచ్చిన ఎలుక ఆ నీళ్ల వైపు చూడదు, అది మీ పోలిక. మూడోది కేయోలిన్ అనే తెల్లమట్టి. కడుపులో తిప్పినప్పుడు ఎలుకలు మట్టి తింటాయి. చిట్టెలుకల్లో ఈ పరీక్ష అంత నమ్మకమైంది కాదు.

తొమ్మిదో అడుగు: రక్తం

రక్తం ఎంత తీయొచ్చో ముందు లెక్కేసుకోండి. చిట్టెలుకలో కిలోకు సుమారు 72 మి.లీ. రక్తం ఉంటుంది, అంటే 25 గ్రాముల దానిలో 1.8 మి.లీ. ఒకసారికి పదో వంతు మించకూడదు కాబట్టి మీకు దొరికేది 0.18 మి.లీ. అందులో ప్లాస్మా సగమే. ఐదు హార్మోన్లు కొలుస్తామని ప్రపోజల్‌లో రాసే ముందు హార్మోన్లు కొలిచే ఎలైజా కిట్‌కు ఎన్ని మైక్రోలీటర్లు కావాలో చదవండి.

లెప్టిన్ గట్టిది, పెద్దగా ఇబ్బంది పెట్టదు. గ్రెలిన్‌కు చల్లని ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టనివ్వనిది) ప్రోటియేజ్ నిరోధకం, అంటే ప్రోటీన్లను విరిచే ఎంజైమ్‌లను ఆపేది, ముందే ఉండాలి, ప్లాస్మాకు వెంటనే ఆమ్లం కలపాలి, లేకపోతే ఆక్టనాయిల్ ఊడిపోయి తప్పు అంకె వస్తుంది. జీఎల్‌పీ-1కు, దాన్ని విరిచే డీపీపీ-4 ఎంజైమ్‌ను ఆపే నిరోధకం తప్పనిసరి. సీసీకే అన్నిటికంటే మొండిది. దాని చివరి ఐదు అమైనో ఆమ్లాలూ గ్యాస్ట్రిన్‌వి కూడా అవే, పైగా రక్తంలో గ్యాస్ట్రిన్ ఎక్కువ. కిట్ రెండిటినీ వేరు చేయగలదా అని కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

వేళ రాయని రక్త నమూనాకు విలువ లేదు. ఒత్తిడి హార్మోన్ కార్టికోస్టెరోన్ చీకటి పడే వేళకు సహజంగానే పెరుగుతుంది, చేతిలో కాస్త పెనుగులాడినా పెరుగుతుంది. రోజూ ఒకే వేళకు మేత పెడితే గ్రెలిన్ ఆ వేళకు ముందే లేస్తుంది.

పదో అడుగు: లెక్కలు, రాత

దీర్ఘకాల ప్రయోగాల్లో మరో గుంపు అవసరం పడుతుంది. మందు తీసుకున్న ఎలుక ఎంత తిందో సరిగ్గా అంతే తిండి, మందు లేకుండా ఇచ్చే జత గుంపు. రెండు గుంపులూ సమానంగా బరువు తగ్గితే మందు పని తిండి వల్లే. మందు గుంపు ఇంకా ఎక్కువ తగ్గితే శక్తి ఖర్చు కూడా మారినట్టు. ఇందులో ఒక లొసుగుంది: జత గుంపుకు మేత తక్కువగా ఉండటం వల్ల పెట్టగానే గబగబా తినేసి మిగతా వేళ ఉపవాసం ఉంటాయి. రోజు మేతను కొన్ని భాగాలు చేసి పెట్టడం మేలు.

ఒకే జంతువు నుంచి పదేపదే వచ్చిన కొలతలను వేర్వేరు జంతువులవిగా లెక్కించకండి, ఒకే జంతువు కొలతలను కలిపి లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ అనే గణాంక పద్ధతి వాడండి. పేపర్‌లో వెలుతురు ఆరే వేళ, గది ఉష్ణోగ్రత, మేత పేరు, అలవాటు చేసిన రోజులు, లింగం, వయసు, కేజ్‌కు ఎన్ని జంతువులు అన్నీ రాయండి. ఉష్ణోగ్రత ఎందుకంటే, మనకు హాయిగా ఉండే 22 డిగ్రీలు చిట్టెలుకకు చలి. అది ఒళ్లు వేడెక్కించుకోవడానికే అదనంగా తింటుంది, దానికి సుఖంగా ఉండేది 30 దగ్గర. కంట్రోల్ గుంపు తిండిని శాతంలో కాకుండా గ్రాముల్లో ఇవ్వండి. కంట్రోల్‌ను 100 అని గీసిన బొమ్మలో, ఆ కంట్రోల్ ఎలుకలు ఆ రాత్రి టెన్షన్‌తో మామూలులో సగమే తిన్న సంగతి ఎవరికీ కనిపించదు.